రెడ్డెప్ప పోగొట్టని చేప

ఈ ప్రయాణం గురించి నేను చాలామందికి చెప్పాను. సముద్రం చూడనివాళ్లకు అలల చప్పుడు వినిపించేలా చెప్పాను. ఎండ, ఇసుక, రొయ్యల పులుసు అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఒక్కచోట మాత్రం ఏళ్ల తరబడి అబద్ధం చెప్పాను. దానివల్ల ఒక మనిషికి ఏమి జరిగిందో కళ్లారా చూశాను. అందుకే మళ్లీ మొదటి నుంచి, ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మదనపల్లె

తొంభైల చివరి సంగతి. మదనపల్లెలో నాకు మోటారు వైండింగు అంగడి ఉండేది, ఇప్పటికీ ఉంది. కాలిపోయిన బోరు మోటార్లలో పాత రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇవ్వడం నా పని. తంబళ్లపల్లె, పెద్దమండ్యం, సోమల వైపు నుంచి రైతులు మోటారును బస్సు మీద వేసుకుని వచ్చి, అది తయారయ్యేదాకా అంగడి ముందు బెంచీ మీద కూర్చునేవాళ్లు. కూర్చున్నంతసేపూ మాటలే. టమాటా ధర, కరెంటు కోత, ఎవరి బోరులో ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయి, ఎవరి బోరు నీళ్లు పడక ఉత్త పొగ లేపి ఊరుకుంది.

చెరువులు నిండిన ఏడు ఆదివారాలు గాలం వేయడం నాకు సరదా. అరచెయ్యంత చేప పడితే వారం రోజులు చెప్పుకునేవాణ్ణి. కుప్పంలో నాకు షణ్ముగం అనే స్నేహితుడున్నాడు, అతనిదీ వైండింగు అంగడే. ఒకసారి వచ్చినప్పుడు నా గొప్పలు విని నవ్వాడు.

"చెరువులో చేప చేపనా సీనా? మా అక్కను పళవేర్కాడులో ఇచ్చినాం. ఆడ సముద్రం ఒడ్డున నిలబడే గాలం ఏస్తారు. మేకపిల్లంత చేప పడతాది. ఎట్లాగూ తీగ కొనేదానికి మద్రాసు పోవాల కదా, రెండు దినాలు కలుపుకో."

పళవేర్కాడు అంటే మనవాళ్లు పులికాట్ అనే ఊరు. ఆ వారమే బయలుదేరాను. మూడో మనిషిగా రెడ్డెప్పన్నను రమ్మన్నాను.

పుంగనూరు

రెడ్డెప్పది పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో చిన్న పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. రెండెకరాల శెనక్కాయ చేను ఉన్నా ఆయన పేరు మోసింది బోరు పాయింట్లు చూడటంలో. పీచు తీసిన టెంకాయను కుడి అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా మెల్లగా నడుస్తాడు. నీళ్లున్న చోట ఆ కాయ నిలువుగా లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడతారు, మరునాడు బోరు బండి వస్తుంది. ఆయన పాయింటు పెట్టిన బోర్లలో నీళ్లు పడ్డవే ఎక్కువ. మా వైపు అలాంటివాణ్ణి చెయ్యి మంచిదంటారు. చెయ్యి మంచివాణ్ణే కొత్త ఇంటికి ముగ్గు పోయడానికీ, కొన్న ఆవు పగ్గం మొదట పట్టుకోవడానికీ పిలుస్తారు. ఆ విద్య నిజమో కాదో నాకు తెలియదు. చెయ్యి మంచిదన్న పేరు మాత్రం మా పల్లెల్లో చదువు కంటే, పొలం కంటే పెద్ద ఆస్తి.

ఆయన భార్య నాగమ్మక్క పొద్దున్నే వేడి రాగి సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టింది. దారికని ఇంకో నాలుగు ముద్దలు ఆకులో కట్టింది.

"సముద్రం చేప తెచ్చేదాకా ఈ సంగటే మీకు దిక్కు. ఈయప్పకు ఈత రాదు, లోపలికి పోనియ్యొద్దు సీనా," అంది.

"నీళ్లు యాడుండాయో చెప్పేవాడికి నీళ్లంటే బయమా?" అన్నాను.

"బూమిలో నీళ్లంటే మర్యాదగా పడుకోనుంటాయి. ఆ సముద్రం నీళ్లు లేసి మీదికి వస్తాయంట కదా," అన్నాడు రెడ్డెప్ప.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. దారి పొడుగునా ఒక్కొక్క చేను చూపిస్తూ, ఆ బోరు నాదే, ఈ బోరు నాదే అని చెబుతూ వచ్చాడు. గొప్పకు కాదు. బంధువుల ఇళ్లు చూపించినట్టు చూపించాడు.

కుప్పం

కుప్పంలో హోటలు సర్వరు మాతో తెలుగులోనూ, పక్క బల్లతో తమిళంలోనూ, వంటవాడితో కన్నడంలోనూ మాట్లాడాడు. రెడ్డెప్పకు అది చాలా నచ్చింది. "ఒక నోరు, మూడు నాలికలు," అని అతన్ని ఆపి మరీ ఇంకోసారి మాట్లాడించుకున్నాడు. దోసె మా మదనపల్లె దోసె కంటే పలుచన, చట్నీలో కొబ్బరి ఎక్కువ. టీ మాత్రం మాకంటే పావలా చవక.

షణ్ముగం ఇంట్లో పడుకుని పొద్దున మద్రాసు రైలు ఎక్కాం. రైల్లో ఒక పూలమ్మే ఆమె గంప దించడానికి చెయ్యి సాయం చేయమంటే రెడ్డెప్ప లేచి దించాడు. నెత్తి మీద నుంచి గంప దిగీ దిగకముందే మూరలు మూరలు కొనడం మొదలుపెట్టారు జనం. "నీ చెయ్యి మంచిదప్పా," అంది ఆమె. షణ్ముగం నా వైపు చూసి కన్నుగీటాడు. నేను నవ్వాను కానీ ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. నేనూ రోజంతా చేతులతోనే బతుకుతాను. నా చెయ్యి మంచిదని ఎవరూ అనలేదు.

పళవేర్కాడు, మొదటి రోజు

మద్రాసులో తీగ కొనేసి, పళవేర్కాడు చేరేసరికి పొద్దు వాలింది. మరునాడు తెల్లవారుతూనే షణ్ముగం బావ మమ్మల్ని ఏళుమలై అనే పెద్దాయనకు అప్పగించాడు. అరవై దాటిన మనిషి, ఎండకు మాడిన ఒళ్లు. పెరిగింది ఆంధ్రా సరిహద్దులోనే కాబట్టి తెలుగు బాగా వచ్చు. పడవ మీద ఉప్పునీటి సరస్సు దాటించి మమ్మల్ని ఇసుకతిన్నెకు చేర్చాడు. తిన్నెకు అవతల సముద్రం.

రెడ్డెప్ప వంగి ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. "ఇన్ని నీళ్లుండి ఒక మడికి పనికిరావే," అన్నాడు.

అక్కడ గాలానికి కర్ర ఉండదు. చెక్కముక్కకు చుట్టిన నైలాను దారం, కొసన కొక్కెం, కాస్త పైన సీసం గుండు. మోకాలిలోతు దిగి గుండును తల మీద గిరగిరా తిప్పి అలల అవతలికి విసరాలి. ఏళుమలై అన్నీ చూపించాడు. "అల వచ్చేటప్పుడు లాగు. అల పోయేటప్పుడు వదులు. సముద్రంతో పోటీ పడవద్దు తంబీ."

నేను మొదటిసారి విసిరిన గుండు వెనక్కి పోయి ఇసుకలో పడింది. రెండోసారి కొక్కెం షణ్ముగం చొక్కాకు తగులుకుని జేబు చింపింది. "చేప కాదప్పా నేను," అన్నాడతను. మూడోసారి సరిగ్గా పడింది కానీ పీతలు ఎర తినేశాయి. తర్వాత దారం చిక్కుపడింది. చిక్కు విప్పుకుంటూ ఉంటే ఒడ్డున విడిచిన నా చెప్పుల్లో ఒకదాన్ని అల లాక్కుపోయింది. మధ్యాహ్నానికి మెడ కాలి బొబ్బలెక్కింది. నాకు ఒక్క చేప పడలేదు.

రెడ్డెప్పకు అయిదు పడ్డాయి. విసరడం రాక ఊరికే దగ్గరలో పడేసేవాడు, అయినా పడ్డాయి. ఏళుమలై ఆయన కుడిచేతిని తిప్పి చూసి, "నల్ల కై," అన్నాడు. మంచి చెయ్యి అని.

"చెప్పలేదా, ఆయప్ప చెయ్యి పడితే రాయిలోనైనా చేప దొరుకుతాది," అన్నాడు షణ్ముగం. "సీనా, నువ్వు ఎర గుచ్చిచ్చే పని చూసుకోరాదా?"

అందరం నవ్వాం. ఆ అయిదు చేపలనూ షణ్ముగం అక్క మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. మా ఇంట్లో చింతపండుతో పెడతాం, ఇది అంతకంటే బాగుంది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్న రెడ్డెప్ప, సంగటి లేనిదే కడుపు నిండినట్టు లేదన్నాడు. నేను సగం అన్నం వదిలేసి లేచాను. మెడ మంటని చెప్పాను.

రెండో రోజు

పొద్దున ఏళుమలై కొత్త కొక్కేలు తెచ్చాడు. దారాన్ని కొక్కెం కంట్లో దూర్చి, దాని మీదికే అయిదు చుట్లు చుట్టి, కొనను మొదటి సందులోంచి వెనక్కి తీసి, నోట్లో తడిపి బిగించాలని చూపించాడు. షణ్ముగానికీ రెడ్డెప్పకూ తనే కట్టి ఇచ్చాడు. నా వైపు చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"రోజుకు రెండు మోటార్లు చుట్టేవాణ్ణి, తీగ ముడి నాకు నేర్పాలా?" అన్నాను.

"తీగ వేరు, నరం వేరు తంబీ," అన్నాడు. వాళ్లు నైలాను దారాన్ని నరం అంటారు.

వినలేదు. నా అంగడిలో రెండు తీగలు కలిపేటప్పుడు ఎలా చేస్తానో అలాగే, కొనను దారం మీద పదిసార్లు గట్టిగా మెలివేసి చివర చిన్న పీటముడి వేశాను. రాగి మెలివేస్తే వేసినట్టే నిలిచిపోతుంది. నైలాను నిలవదు. ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను.

పది గంటలప్పుడు నా దారం బరువెక్కింది. రాయికి తగులుకుందేమో అనుకున్నాను. రాయి పక్కకు నడిచింది. చెక్కముక్క చేతిలోంచి ఎగిరిపడింది, దారం బుర్రున పోయింది. ఎలాగో పట్టుకున్నాను. ఏళుమలై అవతలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. "కొడువా! వదులు, వదులు, ఇప్పుడు లాగు." మనవైపు పండుగప్ప అంటారు ఆ చేపను. పావుగంట పట్టింది. నేను దాని వెంట ఒడ్డున అటూ ఇటూ నడిచాను. ఒక అల విరిగినప్పుడు దాని పక్క కనబడింది. వెండి పళ్లెం తిప్పినట్టు మెరిసింది. నా తొడ పొడుగు ఉంటుంది. ఇప్పటికీ అంతే పొడుగు చెబుతాను, అది అబద్ధం కాదు.

దారం నా వేళ్లలోకి దిగుతోంది. "పట్టుకో అన్నా, నిలబడలేకుండా ఉండాను," అని అరిచాను. అవును, నేనే పిలిచాను. ఈ మాట కూడా ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఈత రాని రెడ్డెప్ప తొడలోతు నీళ్లలోకి దిగి, నా వెనక నుంచి కుడిచెయ్యి ముందుకు చాపి దారం పట్టుకున్నాడు. అల వెనక్కి పోతోంది. ఏళుమలై వదలమని అరుస్తున్నాడు. నేను వదలలేదు, లాగాను. రెండుసార్లు లాగాను. చేప నీళ్లు తక్కువున్న చోట ఒకసారి పొర్లింది. దారం ఒక్కసారిగా తేలికైపోయింది.

ఇద్దరం వెనక్కి పడ్డాం. నేను లేచి దారం చకచకా చుట్టాను. కొన చేతికొచ్చింది. స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంది. తెగిన దారం అలా ఉండదు. ముడి జారి ఊడిపోయినప్పుడే అలా ఉంటుంది. చూడగానే అర్థమైంది. ఏళుమలై ఇంకా పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆ మెలికలున్న ముక్కను పళ్లతో కొరికి నీళ్లలో ఉమ్మేశాను.

రెడ్డెప్ప ఇంకా నీళ్లలోనే కూర్చుని ఉన్నాడు. దారం ఆయన అరచేతిని అడ్డంగా కోసింది, రక్తం కారుతోంది. ఆ చెయ్యి చూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

"నా చెయ్యి పడినాకనే పోయింది కదా సీనా. నావల్లేనా?"

కాదని ఒక్కమాట చాలు. ఒడ్డున దూరంగా గాలం వేస్తున్న షణ్ముగం అప్పుడే వచ్చి పక్కన నిలబడ్డాడు. నిన్నటి నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది.

"మరెవరివల్ల?" అన్నాను.

ఏళుమలై వచ్చి, "కొన చూపించు తంబీ," అన్నాడు. ఇచ్చాను. వేలితో తడిమి చూశాడు. నా మొహం కూడా చూశాడు. దారం తీసుకుని చెక్కకు చుట్టేసి తన సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ నాకు ఇవ్వలేదు. రెడ్డెప్ప చేతికి మాత్రం తన తలగుడ్డ చింపి కట్టు కట్టాడు.

తిరుగుదారి

తిరుగు రైల్లో షణ్ముగం ఎట్లా పోయింది, ఎట్లా పోయింది అని మళ్లీమళ్లీ అడిగాడు. అడిగినప్పుడల్లా నా కథ గట్టిపడుతూ వచ్చింది. కుప్పంలో దిగేసరికి, చేప చేతికందబోతూ ఉండగా పిలవని రెడ్డెప్ప వచ్చి దారం పట్టుకున్నాడు. బస్సులో పక్కసీటువాళ్లకు చెబుతూ పుంగనూరు చేరేసరికి, ఆయన చెయ్యి తగిలిన క్షణమే తెగింది. ఆ మాటలు ఆయన పక్కన కూర్చునే విన్నాడు. ఒక్కసారీ కాదనలేదు. కిటికీ పక్కన కూర్చోమంటే, "నువ్వు కూర్చో అప్పా," అన్నాడు. దారిలో బోర్లేవీ చూపించలేదు.

నాగమ్మక్క కట్టు విప్పి చూసి, "చేపేది?" అంది.

"నేను పోగొడితిని," అన్నాడు. నేను ఆ గడపలోనే నిలబడి ఉన్నాను. చెప్పులు మద్రాసులో కొన్నవి, కొత్తవి, కరుస్తున్నాయి. వాటివైపు చూసుకుంటూ నిలబడ్డాను.

అంతటితో ఆపి ఉంటే అది మా మధ్యే ఉండిపోయే సంగతి. మదనపల్లె చేరాక బెంచీ మీద రైతులు అడిగారు, చెప్పాను. నవ్వించడం నాకు బాగా వచ్చు. "రెడ్డెప్ప చెయ్యి పెడితే బోరు కాదు, సముద్రమే ఎండిపోతాది," అన్నాను. తంబళ్లపల్లె రైతు ఒకాయన టీ పొలమారేలా నవ్వాడు. అది చూసి మరునాడు ఇంకొకరికి చెప్పాను.

బెంచీ మీద కూర్చునేవాళ్లంతా బోర్లున్నవాళ్లు, వేయించబోయేవాళ్లు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ ఎండాకాలం రెడ్డెప్ప పాయింటు పెట్టిన బోర్లు రెండు ఎండాయి. ఆ ఏడు అందరివీ ఎండాయి, భూమిలో నీళ్లే అడుగంటాయి. కానీ ఆయన రెండు బోర్లకు మాత్రం సిద్ధంగా ఒక కారణం దొరికింది. తర్వాత వరసగా కరువు ఏళ్లు. ఊరూరా బోరు బండ్లు తిరిగాయి, ఆయనను పిలిచినవాడు లేడు. టమాటా మండీలో బుట్టలు మోస్తూ కనబడ్డాడని ఒకరు చెప్పారు. ఒకసారి నేనూ చూశాను. చూసి పక్క సందులోకి తిరిగాను.

సోమల దారి

ఏడెనిమిదేళ్లు గడిచాక, మంచి వాన పడిన ఒక జూలైలో, మనసు నిలవక ఆయన పల్లెకు వెళ్లాను. శెనక్కాయ విత్తే రోజు. ఎద్దులు కట్టి సిద్ధంగా ఉన్నాయి, విత్తే గొర్రు బిగించి ఉంది, నాగమ్మక్క ఒడిలో విత్తనాలు పోసుకుని నిలబడింది. పని మాత్రం మొదలుకాలేదు.

"ఎవరికోసరం కాచుకోనుండారు?" అన్నాను.

"పక్కూరి ఆయప్ప రావాల. మొదటి పిడికెడు ఆయప్పతో ఏపిస్తాం," అంది ఆమె. "ఈయప్ప ఏయడు."

"నీ చేనుకు నువ్వే ఏయొచ్చు కదన్నా, యాల ఏయవు?"

"నా చెయ్యి సంగతి నీకు తెలీదా సీనా?" అన్నాడు రెడ్డెప్ప. నిష్టూరంగా కాదు. ఎద్దు వయసు చెప్పినట్టు మామూలుగా చెప్పాడు.

అక్కడే గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. పీటముడి, మెలికలు, కొరికి ఉమ్మేయడం, నేనే పిలవడం. జేబులో నైలాను దారం, కొక్కెం తీసుకుపోయాను. ఏళుమలై ముడి ఒకటి, నా ముడి ఒకటి వేసి చూపించాను. నా ముడి ఆయన చేతికిచ్చి లాగమన్నాను. లాగాడు. ఊడివచ్చింది. ఆ మెలికల కొనను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. అరచేతిలో పాత కోత తెల్లగా గీతలా ఉంది.

నాగమ్మక్క నన్ను చూసిన చూపు గురించి రాయలేను. ఆమె నమ్మింది.

ఆయన నమ్మలేదు. దారం మడిచి నా జేబులో పెట్టాడు. "నువ్వు మంచోడివి సీనా. నా మనసు బాగుండాలని ఇంత దూరం వచ్చి, నిందంతా నీ మీద ఏసుకుంటాండావు. యాల? అయిపోయిందానికి."

"నిజం చెప్తాండానన్నా."

"ఆ రెండు బోర్లు కూడా నీ ముడి జారే ఎండినాయా?" అని నవ్వాడు.

పక్కూరి ఆయన ఇంకా రాలేదు, పొద్దెక్కుతోంది. నాగమ్మక్క ఒడిలోంచి తీసిచ్చిన విత్తనాలు ఆయన గుప్పిట్లో పోసి మూశాను. ఆయన నెమ్మదిగా గుప్పిలి విప్పి వాటిని నా చేతిలోకి వంపాడు.

"నువ్వే ఏయి. నీది రెక్కాడే చెయ్యి."

మొదటి పిడికెడు నేనే వేశాను.

ఆ ఏడు ఆయనకు కాయ బాగా దిగింది. సీనప్ప చెయ్యి మంచిదని ఆయనే ఊరంతా చెప్పాడు. మరుసటి ఏడు వాన పడగానే ఇద్దరు రైతులు మొదటి పిడికెడు వేయడానికి నన్ను రమ్మంటూ అంగడికి వచ్చారు. వాళ్లకు ఉన్నదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "అదంతా ఉండనీ అన్నా, మంగళవారం వస్తావా, బుధవారం వస్తావా?" అన్నారు. వెళ్లలేదు. అప్పటినుంచి బెంచీ మీద కూర్చున్న ప్రతివాడికీ చెబుతూనే ఉన్నాను. నవ్వించేలా చెప్పడం రాలేదు కాబట్టి ఎవరూ ఇంకొకరికి చెప్పడం లేదు.

అందుకే ఇది అచ్చుకు ఇస్తున్నాను. పళవేర్కాడు వెళ్లేవాళ్లు మామిడికాయ పులుసు తినండి, ముడి పెద్దవాళ్లతో వేయించుకోండి. మా వైపు వచ్చేవాళ్లు పుంగనూరులో సోమల బస్సు ఎక్కి, బోరు రెడ్డెప్ప ఇల్లని కండక్టరును అడగండి. ఆ పేరు ఇంకా పోలేదు. విత్తేరోజు మొదటి పిడికెడు వేయడానికి ఆయనను రమ్మని పిలవండి. రానంటాడు. ఇంకోసారి పిలవండి.